గింజను నీటను కలుపు పనిముట్టు



చిన్ననాడు ఒకమారు మా అమ్మమ్మ నాకు తెడ్డు ఇచ్చి పెరటిలోనికి వెళ్లెను. నేను ఆత్రపడి రాగిపిండి నంతటిని మరుగుచున్న ఎసటిలో గుమ్మరించితిని. జావ కావలసినది ఉండలు కట్టెను. ఎంత కలియబెట్టినను అవి చితుకలేదు. ఒకదానిని విరిచి చూడగా లోపల పొడిపిండి అట్లే యున్నది. అమ్మమ్మ వచ్చి చూచి, “మొదట కలిసేటప్పుడే కలవాలిరా. తరువాత తెడ్డేం చేస్తుంది?” అనెను.

బ్రిటను దేశమున బీరు కాచువారికి ఈ చిక్కే యుండెను. నేను బీరును పొగడుటకు రాలేదు. వారి పనిముట్టును గూర్చి మాత్రమే చెప్పెదను.

బీరునకు యవలను మొలకెత్తించి, ఎండబెట్టి, నూకగా నలుగగొట్టుదురు. ఆ నూకను సుమారు 65 డిగ్రీల సెంటిగ్రేడు వేడినీటిలో నాననిచ్చిన, మొలకయందలి డయాస్టేసు అను పదార్థము పిండిని చక్కెరగా మార్చును. వేడి మిక్కిలి హెచ్చిన ఆ శక్తి నశించును. తగ్గిన పని మందగించును. ఉండలో చిక్కిన పిండికి నీరే అందదు. అది చక్కెర కానేరదు. రైతు పండించిన గింజలో ఆ భాగము పిప్పితోపాటు పశువుల మేతలో కలిసిపోవును.

పూర్వము పెద్ద కొయ్యతొట్టిలో నీరును నూకయు వేసి, పనివారు పొడుగాటి కొయ్యతెడ్లతో కలియబెట్టెడివారు. వేడి ఆవిరిలో నిలిచి చేయు ఆ పని మిక్కిలి కష్టమైనది. తరువాత తొట్టిలోనే తిరుగు పండ్ల యంత్రములు వచ్చెను; గుఱ్ఱములును, పిమ్మట ఆవిరియంత్రములును వానిని త్రిప్పెను. శ్రమ తగ్గెను గాని వరుస మారలేదు: ముందు పోయుట, పిదప కలుపుట.

1853 లో గ్లాస్గో నగరమునకు చెందిన జేమ్స్ స్టీల్ ఈ వరుసను మార్చెను. తొట్టికి వెలుపల అడ్డముగా ఒక గొట్టము. దానిలో తిరుగు ఇరుసు. ఇరుసునకు మరచుట్టును, చిన్న చేతులును. పైనుండి నూక ధారగా రాలును; అచ్చటనే వేడినీరు తగులును. ఇరుసు రెంటిని కలిపి చిక్కని జావగా తొట్టిలోనికి నెట్టును. ఏ క్షణమునను కలియునది కొద్దిపాటి నూకయే గనుక ఉండ కట్టుటకు తావు లేదు. బ్రిటనులోని కొన్ని పాత బీరుశాలలలో ఈ పరికరము నేటికిని పనిచేయుచున్నది.

దీనిని గూర్చి చదివిననాడు మా అమ్మమ్మ జ్ఞప్తికి వచ్చెను. ఆ పూట మేమందరము ఉండల జావయే త్రాగితిమి. పిండిని పారవేయుట కామె ఒప్పుకొనలేదు. మరునాడు నా చేతనే పిండిని వేరొక గిన్నెలో కొంచెము చన్నీటితో కలిపించి, ఆ పిమ్మటనే ఎసటిలో పోయనిచ్చెను.