పొగ ఇంట్లో మొక్క



మొన్న చదువు అయ్యాక ఒక అక్క అడిగింది. "పంతులమ్మా, మా ఆయన ఇంట్లోనే చుట్ట కాలుస్తాడు. పసిదానికి దగ్గు తగ్గట్లేదు. మనీప్లాంటు పెడితే గాలి బాగవుతుందటగా?"

ఆ మాట ఊరికే పుట్టలేదు. 1989లో అమెరికాలో నాసా వాళ్లు మొక్కల్ని మూసిన పెట్టెల్లో పెట్టి చూశారు. కొన్ని చెడు వాయువులు తగ్గాయి. నిజమే. కాని మన ఇల్లు మూసిన పెట్టె కాదు గదా! తలుపు సందుల్లోంచి గాలి వస్తూ పోతూ ఉంటుంది. ఆ గాలి చేసేపాటి మేలు మొక్కలు చెయ్యాలంటే, చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలి. 2019లో శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. ఇక మంచం ఎక్కడ వేస్తాం?

చుట్ట ఆరినా పొగ విషం గోడకీ, దుప్పటికీ, చీరకీ పట్టుకునే ఉంటుంది. కిటికీ తెరిస్తే కొంత పోతుంది, అంతా పోదు. బిడ్డ పీల్చేది అదే.

మొక్క వద్దని కాదు. కంటికి చల్లన. పసివాళ్లకి అందకుండా పెట్టండి, మనీప్లాంటు ఆకు నమిలితే నోరు మండుతుంది.

ఆ అక్క బిడ్డని డాక్టరుకి చూపించింది. ఆయన చుట్ట మానలేదు. కాని నిప్పుపెట్టె ఇప్పుడు వాకిట్లో వేపచెట్టు తొర్రలో ఉంటోంది.