మాంటిస్ ష్రింప్‌తో వేరే చేపలు కలిపి పెంచొచ్చా? నా ట్యాంక్‌లో జరిగింది చెప్తా వినండి

పోయిన వీడియోలో మా పీకాక్ మాంటిస్ ష్రింప్‌ని చూపించాను కదా. అప్పట్నుంచి చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒక్కటే. "అన్నా, నా దగ్గర ఆల్రెడీ సాల్ట్ వాటర్ ట్యాంక్ ఉంది, క్లౌన్ ఫిష్ ఉన్నాయి, దీన్ని కూడా అందులోనే వేసేయొచ్చా?"

చిన్న సమాధానం: వద్దు. కానీ "వద్దు" అంటే ఎవరూ వినరు. నాకూ ఒకరు చెప్పారు, నేనూ వినలేదు. అందుకే ఈ రోజు నేను చేసిన తప్పు మొత్తం చెప్తాను. మీరు అదే తప్పు చేయకుండా ఉంటే చాలు.

ముందు ఇదేం జీవో చూద్దాం. పేరులో ష్రింప్ ఉంది కానీ ఇది మనం కూర వండుకునే రొయ్య కాదు. దూరపు చుట్టం, అంతే. స్టొమాటోపాడ్స్ అని వేరే గుంపు. ముందు కాళ్ళు గొల్లభామలాగా మడిచి పెట్టుకుంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. వీటిలో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి స్పియరర్స్. వీటి కాళ్ళకి ముళ్ళుంటాయి, ఇసుకలో దాక్కుని పైన పోయే చేపల్ని, రొయ్యల్ని పొడిచి లాక్కుంటాయి. రెండోది స్మాషర్స్. వీటికి సుత్తి లాంటి ముద్ద ఉంటుంది. దాంతో కొట్టి నత్తల్ని, పీతల్ని పగలగొట్టి తింటాయి. నా దగ్గర ఉన్న పీకాక్ మాంటిస్, అంటే ఒడొంటొడాక్టిలస్ స్కిల్లారస్, స్మాషర్. 18 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది.

దాని దెబ్బ ఎంత స్పీడో తెలుసా? షీలా పాటెక్ అనే సైంటిస్ట్, ఆమె టీమ్ హైస్పీడ్ కెమెరాతో కొలిచి 2004లో పేపర్ వేశారు. సెకనుకు 23 మీటర్ల వరకు, అంటే గంటకి 80 కిలోమీటర్ల పైనే. అదీ నీళ్ళలో! ఆ స్పీడ్‌కి నీళ్ళలో బుడగలు పుట్టి పేలతాయి. అంటే నత్తకి ఒక దెబ్బ సుత్తిది, వెంటనే ఇంకో దెబ్బ బుడగది. డైవర్లు, జాలర్లు ఇంగ్లీషులో దీన్ని "థంబ్ స్ప్లిటర్" అనేది ఊరికే కాదు. బొటనవేలు చీలుస్తుంది అని అర్థం.

సరే, నా కథకి వద్దాం. నాది 200 లీటర్ల ట్యాంక్. అందులో రెండు క్లౌన్ ఫిష్, ఒక క్లీనర్ ష్రింప్, ఆరు హెర్మిట్ క్రాబ్స్, ఎనిమిది టర్బో నత్తలు. ఏడాదిగా బాగా నడుస్తోంది. ఒక రోజు షాప్‌కి వెళ్తే ఈ రంగులు చూశాను. ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నెమలి లాగే ఉంది. షాపతను "కడుపు నిండా తిండి పెడితే ఎవరి జోలికీ పోదు" అన్నాడు. పక్కనే ఉన్న ఒక పెద్దాయన "బాబూ, దీనికి వేరే ట్యాంక్ కావాలి" అన్నారు. నాకు నచ్చిన మాటే నేను నమ్మాను. అందరం చేసేది అదే కదా.

మొదటి రాత్రి హాల్లోంచి "టక్" అని శబ్దం. రాయి పడిందేమో అనుకున్నాను. మళ్ళీ టక్, టక్. పొద్దున లేచి చూస్తే రాళ్ళ మధ్య నత్త గుల్ల ముక్కలు. పది రోజుల్లో నత్తలు అయిపోయాయి, హెర్మిట్ క్రాబ్స్ అయిపోయాయి. నేనేం చేశానంటే, తిండి ఇంకా పెంచాను. రోజూ రొయ్య ముక్క. అది తినేది, తిన్నాక కూడా వేటాడేది. మనకి అర్థం కావాల్సింది ఇక్కడే. గుల్ల పగలగొట్టడం దానికి ఆకలి విషయం ఒక్కటే కాదు. తన బొరియ దగ్గరికి ఎవరొచ్చినా కూడా కొడుతుంది.

తర్వాత క్లీనర్ ష్రింప్ కనిపించలేదు. దాని మీసాలు మాత్రం ఫిల్టర్ దగ్గర దొరికాయి. అప్పటికైనా ఆగాలి కదా? "చేపలు స్పీడ్‌గా ఈదుతాయి, వాటికేం కాదు" అనుకున్నాను. మూడో వారం ఒక క్లౌన్ ఫిష్ అడుగున పడి ఉంది, పక్కన గాయం. కొట్టడం నేను చూడలేదు. కానీ ట్యాంక్‌లో అలా కొట్టగలిగేది ఇంకెవరూ లేరు. ఆ చేపకి పేరు పెట్టింది మా అక్క కూతురు. "మామా, చిట్టి ఏది?" అని వీడియో కాల్‌లో అడిగితే నిద్రపోతోందని అబద్ధం చెప్పాను. తర్వాత నిజం చెప్పాననుకోండి, అది వేరే విషయం. కానీ ఆ రోజు అర్థమైంది, తప్పు మాంటిస్‌ది కాదు, దాన్ని అక్కడ వేసినవాడిది.

ఆ రోజే ట్యాంక్ మధ్యలో రంధ్రాలున్న అక్రిలిక్ షీట్ అడ్డంగా పెట్టాను. కింద ఇసుక తోడుకుని రాకుండా అడుగు గాజు దాకా దించాను. ఇది తాత్కాలికమే. ఈలోపు మాంటిస్‌కి విడిగా 120 లీటర్ల ట్యాంక్ రెడీ చేశాను. పాత ఫిల్టర్ మీడియా కొంత వేసి సైకిల్ మొదలుపెట్టినా, అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వచ్చేదాకా నెల రోజులు ఆగాను. మార్చేటప్పుడు చెయ్యి పెట్టలేదు. అది దూరిన రాయితో సహా బకెట్‌లోకి తీశాను. మీరూ అలాగే చేయండి.

మరి గాజు పగలదా అని అడుగుతారు. 1998లో ఇంగ్లండ్‌లోని గ్రేట్ యార్మౌత్ అక్వేరియంలో టైసన్ అనే మాంటిస్ గాజు పగలగొట్టిందని వార్తలొచ్చాయి. అలా జరగడం అరుదు. అయినా నేను అక్రిలిక్ ట్యాంకే తీసుకున్నాను. రాళ్ళు అడుగుకి గట్టిగా ఆనించి, దూరడానికి పీవీసీ పైపు పెట్టాను. లైట్ తక్కువ. ఉప్పు 1.025, వేడి 25 డిగ్రీలు. మన ఎండాకాలంలో చిల్లర్ లేకుండా కష్టం. ఇంకోటి, రాగి ఉన్న చేపల మందులు ఈ ట్యాంక్‌లో అస్సలు వేయొద్దు, చచ్చిపోతుంది.

ఇప్పుడు ఇంకో వైపు చూడండి. కలిపి పెంచితే ప్రమాదం మిగతావాటికే కాదు, మాంటిస్‌కి కూడా. ఇది పెరిగేటప్పుడు పై పెంకు విడుస్తుంది. అప్పుడు ఒళ్ళు మెత్తగా ఉంటుంది, సుత్తి కూడా మెత్తనే, కొట్టలేదు. పక్కన పెద్ద పీతో, ఆకలిగొన్న చేపో ఉంటే దీని పని అయిపోయినట్టే. మాది మొదటిసారి పైపు మూతిని రాళ్ళతో మూసేసుకుంది. ఎనిమిది రోజులు తిండి లేదు, చప్పుడు లేదు. ఒక పొద్దున బయట కదలకుండా పడి ఉన్న ఒళ్ళు కనిపించింది. చచ్చిపోయిందనుకుని తీసి చూస్తే ఖాళీ పెంకు! మూడు రోజుల తర్వాత పైపులోంచి రెండు కళ్ళు, ఒకటి ఇటు, ఒకటి అటు తిప్పుతూ బయటికొచ్చింది. కంగారుపడి రాళ్ళు కదిపుంటే ఏమయ్యేదో! కాబట్టి పైపు మూసుకుంటే ముట్టుకోకండి, ఆగండి.

"మాది చిన్న మాంటిస్, చేపలతో రెండేళ్ళుగా బాగానే ఉంది" అనేవాళ్ళూ ఉన్నారు. ఉండొచ్చు. చిన్న రకాలు, పెద్ద ట్యాంక్, పైనే తిరిగే చురుకైన చేపలు ఉంటే కొన్నాళ్ళు నడుస్తుంది. కానీ నడిచినంతకాలం నడిచినట్టు. దాంతో పెట్టే ప్రతి చేపా రేపు ఉండకపోవచ్చని ముందే ఒప్పుకుని పెట్టాలి. నత్తలు, పీతలు, రొయ్యలు అయితే సందేహమే లేదు, వాటిని భోజనంగానే లెక్కేయండి. స్పియరర్ రకమైతే చేపల మాట మర్చిపోండి.

ఇప్పుడు మాది ఒంటరిగా ఉంది. వారానికి మూడుసార్లు తిండి, అప్పుడప్పుడూ గుల్లతో సహా పెడతాను, పగలగొట్టుకునే పని దానికుండాలి కదా. పక్క ట్యాంక్‌లో మిగిలిన క్లౌన్ ఫిష్‌కి తోడు తెచ్చాను. మా మేనకోడలు దానికీ చిట్టి అనే పేరు పెట్టింది. రాత్రి "టక్" అని వినిపిస్తే ఇప్పుడు నేను లేవను.

కొనే ముందు ఒక్కటే ఆలోచించుకోండి: రెండో ట్యాంక్‌కి డబ్బు, చోటు ఉన్నాయా? లేకపోతే ఇప్పుడే కొనకండి, వీడియోల్లో చూసి ఆనందించండి. మీ ట్యాంక్ సైజు, అందులో ఏమేం ఉన్నాయో కింద రాయండి, తెలిసినంతవరకు చెప్తాను. వచ్చే వీడియోలో అక్రిలిక్ షీట్ ఎలా కొలిచి కట్ చేయాలో చూపిస్తా. ఉంటాను మరి, బై.