చూడ్డానికి నిలబడిన వాడికే రాయి తగులుతుంది

నేను వ్యవసాయ ఇంజనీరుని. పదిహేనేళ్ళుగా ట్రాక్టర్లతోనూ, వాటి వెనక తగిలించే పనిముట్లతోనూ నా బతుకు. పట్టణంలో ఉండేవాళ్ళకి ట్రాక్టరు పనిముట్టు మీద ఉపన్యాసం ఎందుకండీ అని ఈ సభ నిర్వాహకులు అడిగారు. జవాబు మీ వీధి చివరే ఉంది.

వానలు పడ్డాక మన నూజివీడు చుట్టూ ఉన్న వెంచర్లలో ఖాళీ ప్లాట్లు వయ్యారిభామతో నడుం లోతుకి పెరిగిపోతాయి. దోమలూ పురుగూ పుట్రా ఎక్కువయ్యాయని అందరూ గోల పెడితే, దసరాకి ముందు ఒక ట్రాక్టరు వస్తుంది. వెనక ఇనప బల్ల బోర్లించినట్టు ఒక పనిముట్టు. అరగంటలో ప్లాటు నున్నగా అయిపోతుంది. ఆ అరగంటసేపూ చుట్టూ జనమే. పాము బయటపడుతుందేమోనని కర్రలు పట్టుకుని మగవాళ్ళు, సైకిళ్ళు ఆపి పిల్లలు, ప్రహరీ గోడ మీంచి తొంగిచూస్తూ ఆడవాళ్ళు. ఇవాళ నేను మాట్లాడేది అలా నిలబడి చూసేవాళ్ళ గురించి.

ఆ పనిముట్టుని స్లాషర్ అంటాం. మామిడి తోటల్లో వరసల మధ్య గడ్డి కొట్టడానికీ, పామాయిల్ తోటల్లో కలుపు అదుపు చెయ్యడానికీ మన జిల్లాలో చాలామంది వాడుతున్నారు. కూలీలు దొరకని రోజుల్లో రైతుకి అది పెద్ద ఆసరా. దాన్ని వద్దనడానికి నేను రాలేదు.

బల్ల మీద పెట్టిన ఈ ఇనప పట్టీ చూడండి. ఇది స్లాషర్ బ్లేడు. మీటింగు అయ్యాక వచ్చి చేత్తో ఎత్తి చూడండి. కొడవలి ఎత్తినట్టు ఉండదు, గునపం ఎత్తినట్టు ఉంటుంది. అంచు మీద వేలు పెట్టినా తెగదు, అంత మొద్దు. కొడవలి కోస్తుంది, ఇది కొడుతుంది. గడ్డి తెగేది పదును వల్ల కాదు, ఆ దెబ్బ వేగం వల్ల. కిందనున్న ఒక గుండ్రటి ఇనప పళ్ళేనికి ఇలాంటివి రెండు, చెరో పక్కనా ఒక్కొక్క బోల్టు మీద వేలాడుతూ ఉంటాయి. మోడు అడ్డొస్తే వెనక్కి మడుచుకోవడానికి ఆ ఏర్పాటు. గడ్డికీ, కంకర రాయికీ, సీసా పెంకుకీ దానికి తేడా తెలియదు. ఏది ఎదురైతే దాన్ని కొడుతుంది.

ఎంత వేగంతో కొడుతుందో లెక్క కడదాం. పనిముట్టుని తిప్పే ఇరుసు ఒకటి ట్రాక్టరు వెనక ఉంటుంది, దాన్ని పీటీఓ అంటాం. అది నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. స్లాషర్ మీదున్న గేరుబాక్సు దాన్ని ఇంకా పెంచుతుంది. మోడల్ని బట్టి మారుతుంది గానీ, 900 అనుకుందాం. అంటే సెకనుకి 15 చుట్లు. ఐదడుగుల స్లాషర్లో బ్లేడు కొస ఒక్క చుట్టు తిరిగితే సుమారు 4.7 మీటర్లు. హెచ్చించండి. సెకనుకి 70 మీటర్లు, గంటకి 250 కిలోమీటర్లు. మన రోడ్ల మీద ఏ బస్సూ ఇందులో సగం వేగంతో కూడా పోదు.

ఇప్పుడు వంద గ్రాముల కంకర రాయి ఆ దెబ్బ తిని, ఆ వేగాన్ని పూర్తిగా అందుకుందనుకోండి. క్రికెట్ చూసే పిల్లలు ఇక్కడ ఉన్నారు కాబట్టి వాళ్ళ భాషలోనే చెప్తాను. గంటకి 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే ఫాస్ట్ బౌలర్ బంతిలో ఎంత శక్తి ఉంటుందో, ఈ రాయిలో దానికి రెట్టింపు ఉంటుంది. ఆ బంతిని ఎదుర్కునే మనిషికి హెల్మెట్ ఉంది, ప్యాడ్లు ఉన్నాయి, బంతి ఎటునుంచి వస్తుందో తెలుసు. గోడ పక్కన నిలబడిన పాపకి అవేవీ లేవు.

స్లాషర్ పైన ఇనప కప్పు ఉంటుంది కదా, రాయి ఎలా బయటికొస్తుందని అడుగుతారు. పైకి రాదు. కింద సందుల్లోంచి వస్తుంది. గడ్డి లోపలికి వెళ్ళాలి కాబట్టి ముందు తెరిచి ఉంచాలి, కొట్టిన గడ్డి బయటికి రావాలి కాబట్టి వెనక తెరిచి ఉంచాలి. ఆ రెండు పక్కలా దగ్గరదగ్గరగా గొలుసులు వేలాడదీస్తారు. గడ్డి వాటిని తోసుకుని వెళ్తుంది, రాయి మాత్రం వాటికి తగిలి వేగం చచ్చి కింద పడుతుంది. కళ్యాణమండపం గుమ్మానికి పూసల తెర కట్టినట్టు ఉంటుంది. ఆ గొలుసులు నేలకి దాదాపు ఆనుతూ, ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటేనే కాపలా. నాలుగు తెగిపోయి బెత్తెడు సందు ఏర్పడితే రాయికి ఆ సందు చాలు.

ఇక అసలు సంగతికి వస్తాను. స్లాషర్ నేల మీద ఆనుకుని తిన్నగా పోతున్నంతసేపూ ప్రమాదం కొంత అదుపులో ఉంటుంది. ప్లాటు చివరికి వచ్చాక డ్రైవరు ఏం చేస్తాడు? తిప్పుకోవడానికి వీలుగా లిఫ్టు లేపుతాడు. పీటీఓ ఆపడు. మళ్ళీ వెయ్యాలంటే క్లచ్చి తొక్కాలి, టైము పోతుంది, ఎకరానికి ఇంతని లెక్క కట్టి డబ్బు తీసుకునే మనిషి. స్లాషర్ అడుగున్నర పైకి లేస్తుంది. గొలుసులు నేల వదిలేస్తాయి. బ్లేడ్లు అదే వేగంతో తిరుగుతూనే ఉంటాయి. అప్పుడు బయటికి దూసుకొచ్చే దానికి అడ్డం ఏమీ లేదు. ట్రాక్టరు మలుపు తిరిగేది ఎక్కడ? హద్దు దగ్గర, రోడ్డు పక్క, గోడ పక్క. జనం నిలబడేదీ సరిగ్గా అక్కడే.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక మామిడి తోటలో స్లాషర్ నడిపించి చూస్తున్నాం. గడ్డి ఛాతీ ఎత్తున ఉంది. ముందు గొలుసులు గడ్డిని వంచేస్తున్నాయి, సరిగ్గా తెగడం లేదు. గొలుసులు విప్పెయ్యమన్నది నేనే. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. తోట యజమాని తమ్ముడు, ఇరవై రెండేళ్ళ కుర్రాడు, గట్టు మీద నిలబడి ఫోనులో వీడియో తీస్తున్నాడు. గట్టు దగ్గర డ్రైవరు లిఫ్టు లేపి తిప్పాడు. నాకు ప్రత్యేకంగా ఏ చప్పుడూ వినపడలేదు. కుర్రాడు "అబ్బా" అని కూర్చుండిపోయాడు. లుంగీ మీద చిన్న చిల్లు. పిక్క మీద బఠాణీ గింజంత గాయం. రక్తం కూడా పెద్దగా రాలేదు. ముల్లు గుచ్చుకుందేమో అనుకున్నాం. ఆస్పత్రిలో ఎక్సరే తీస్తే చూపుడు వేలంత ఇనప తీగ ఎముక పక్కన నిలువునా దిగి ఉంది. ఎప్పుడో పాత కంచె పీకేసినప్పుడు గడ్డిలో వదిలేసిన ముక్క.

ఆ తీగ ఈ సీసాలో ఉంది. ఆ కుర్రాడే ఇచ్చాడు నాకు. ఇప్పుడు నడుస్తాడు, పొలం పనీ చేసుకుంటాడు. బరువెత్తితే ఆ కాలు లాగుతుందంటాడు. వాడు గట్టు మీద నిలబడ్డాడు కాబట్టి పిక్కకి తగిలింది. గట్టు కింద కూర్చుని ఉంటే ముఖానికి తగిలేది. పదమూడేళ్ళుగా ఈ విషయం ఊరూరా చెప్పుకుంటూ తిరుగుతున్నది అందుకే.

మనకి ఈ భయం ఎందుకు లేదో నేను చాలా ఆలోచించాను. దుక్కి దున్నే ట్రాక్టరు వెనక మనం చిన్నప్పటి నుంచీ నడిచాం. కొంగలు కూడా పురుగుల కోసం నాగలి వెంటే నడుస్తాయి, వాటికేమీ కాదు. నాగలి మట్టిని తిరగేస్తుంది గానీ విసరదు. ఆ ధైర్యంతోనే స్లాషర్ వెనకా నడుస్తున్నాం. ట్రాక్టరు అదే, రంగు అదే, డ్రైవరు అదే. వెనక తగిలించింది మారింది, అంతే. ఆ సంగతి కంటికి తెలియదు.

చట్టం కూడా మిమ్మల్ని గుర్తుపెట్టుకోలేదు. నూర్పిడి యంత్రాల్లో చేతులు పోగొట్టుకున్న కూలీల కోసం 1983లో ప్రమాదకర యంత్రాల చట్టం వచ్చింది. మంచి చట్టం. కానీ అది చూసేది యంత్రం దగ్గర పనిచేసే మనిషిని. రోడ్డు మీద పోయేవాడి ఊసు అందులో లేదు. కాబట్టి మన జాగ్రత్త మనమే పడాలి.

ఎంత దూరం ఉండాలి? స్లాషర్ తయారీదారులు తమ పుస్తకాల్లో రాసే దూరం సుమారు 100 మీటర్లు. అంతలోపు మనిషి కనిపిస్తే ఆపెయ్యమంటారు. చేత్తో పట్టుకునే బ్రష్ కట్టర్‌కి చెప్పేది 15 మీటర్లు. వెంచరులో 100 మీటర్లంటే రెండు వీధులు దాటిపోతాం. అందుకని నా అభిప్రాయం సూటిగా చెప్తాను. నాలుగు పక్కలా ఇళ్ళున్న ఐదు సెంట్ల ప్లాటులోకి స్లాషర్ రాకూడదు. అక్కడ కొడవళ్ళతో మనుషుల్ని పెట్టండి, కాదంటే నైలాన్ దారం వేసిన బ్రష్ కట్టర్ వాడించండి. నాలుగు డబ్బులు ఎక్కువవుతాయి. అవనివ్వండి.

పెద్ద స్థలమైతే, తోటైతే, బడి మైదానమైతే స్లాషర్ తప్పదు. అప్పుడు ట్రాక్టరు దిగకముందు మనుషులు దిగాలి. చేతికర్రతో గడ్డిని పాయలు తీసుకుంటూ వరస తప్పకుండా నడవాలి. మొన్న ఒక ప్లాటులో అలా నడిస్తే నాకు దొరికినవి వినండి. బీరు సీసాలు, సెంట్రింగ్ మేకులు, చుట్టలు చుట్టలుగా బైండింగ్ వైరు, సగం ఇటికలు, తుప్పుపట్టిన కొడవలి ఒకటి. గడ్డిలో మునిగిపోయిన హద్దు రాళ్ళు నాలుగు. పక్కన ఇల్లు కట్టుకునేవాళ్ళందరూ ఖాళీ ప్లాటుని చెత్తకుండీ చేసుకున్న ఫలితం ఇది. తియ్యగలిగినవి తీసెయ్యాలి. హద్దు రాయిని పీకలేం కదా, దానికి ఎర్ర గుడ్డ కట్టిన కర్ర పాతాలి. తర్వాత మొదటి కోత ఆరంగుళాల ఎత్తులో కొట్టించండి. నేల కనపడుతుంది. ట్రాక్టరు ఆపించి మళ్ళీ ఒకసారి నడవండి. కిందికి కొట్టడం ఆ తర్వాతే.

తోటలున్న వాళ్ళకి రెండు మాటలు. గొలుసులు తెగితే కొత్తవి వేయించండి. దొరికేదాకా పాత కన్వేయర్ బెల్టు రబ్బరు మందంగా కోసి బిగించినా కొంత నయం, బోసిగా మాత్రం నడపొద్దు. బ్లేడు విరిగితే దాన్ని వెల్డింగు చేయించొద్దు. లారీ కమాన్ పట్టీ కోసి బ్లేడు చేసి ఇస్తామనేవాళ్ళ మాట వినొద్దు. అతుకు దగ్గర పగిలిన బ్లేడు ముక్క ముందు ఏ కంకర రాయీ పనికిరాదు. మార్చినప్పుడు రెండూ కలిపి మార్చాలి. ఒకటి బరువుగా ఒకటి తేలిగ్గా ఉంటే ఆ అదురుకి బోల్టులు వదులవుతాయి. పొద్దున్నే ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని, స్లాషర్ కింద గట్టి దుంగలు పెట్టి బోల్టులు చూసుకోండి. ఒక్క లిఫ్టుని నమ్మి కిందికి దూరొద్దు. పీటీఓ ఆపినా బ్లేడ్లు ఇంకాసేపు తిరుగుతాయి. అవి పూర్తిగా ఆగేదాకా డ్రైవరు సీటు దిగకూడదు, ఎవరూ దగ్గరికి రాకూడదు. మలుపు దగ్గర పీటీఓ ఆపాకే లిఫ్టు లేపాలి. ఆ నిమిషాలకి కూడా కిరాయి ఇస్తానని డ్రైవరుకి ముందే చెప్పండి. తొందర అతనిది కాదు, మనం కట్టే లెక్కది.

తగలకూడదు గానీ తగిలితే? గాయంలో దిగిన దాన్ని లాగొద్దు. అది దిగినచోట రక్తాన్ని అదే ఆపుతూ ఉండొచ్చు. చుట్టూ శుభ్రమైన గుడ్డ ఒత్తి పెట్టి, 108కి ఫోను చెయ్యండి. కంటికైతే మరీ జాగ్రత్త. నలపొద్దు, కడగొద్దు, చనుబాలు పిండొద్దు, నూనె చుక్క వెయ్యొద్దు. మన ఇళ్ళల్లో ప్రేమ కొద్దీ చేసే ఈ పనుల వల్ల ఉన్న చూపు పోతుంది. ఒక కాగితం కప్పుని కంటి మీద ఆనకుండా బోర్లించి, అంచుల్ని బుగ్గకీ నుదుటికీ అంటించి, కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఇంకో విషయం. వేగంగా వచ్చిన సన్నటి ఇనప ముక్క కంట్లోకి దిగితే ఒక్కోసారి నొప్పి పెద్దగా ఉండదు, చూపు కూడా బాగానే ఉన్నట్టుంటుంది. ఆ ఇనుము లోపలే ఉండి తుప్పుపడుతూ నెమ్మదిగా కంటిని పాడుచేస్తుంది. యంత్రం పక్కన ఉన్నప్పుడు కంట్లో ఏదో చురుక్కుమందని పిల్లాడు అంటే, "ఏం లేదులే" అనకండి.

వచ్చే ఆదివారం మన హైస్కూలు మైదానంలో గడ్డి కొట్టించబోతున్నారు. గొలుసులు అన్నీ ఉన్న స్లాషర్ మాట్లాడాం, ట్రాక్టరు తొమ్మిదింటికి వస్తుంది. నేను పొద్దున్నే ఆరింటికి అక్కడ ఉంటాను. మైదానం పెద్దది, ఒక్కడి వల్ల కాదు. ఇరవై మంది వస్తే ఒక వరసలో నిలబడి ఆ కొస నుంచి ఈ కొసకి నడిచేద్దాం. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. చేతికర్ర తెచ్చుకోండి. గోనె సంచులు నేను తెస్తాను. ఎనిమిదిన్నరకి అందరం గేటు బయటికి వచ్చేసి, తాళం వేసేద్దాం.