చర్మానికి లేజర్: వెళ్లే ముందు నాలుగు మాటలు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి పలకరించినవాళ్లలో చాలామంది అడిగింది ఒకటే: "డాక్టరమ్మా, ముఖానికి లేజర్ చేయించుకుంటే మంచిదేనా?" ఒకప్పుడు ఇది సినిమావాళ్ల ప్రశ్న. ఇప్పుడు న్యాల్‌కల్‌లో అల్లం చేను చేసే అక్క కూడా అడుగుతోంది. అందుకే అందరికీ కలిపి ఇక్కడే చెప్తాను.

మొదటి లేజర్‌ను 1960లో మైమన్ అనే శాస్త్రవేత్త వెలిగించారు. 1964లో మన బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కార్బన్ డయాక్సైడ్ లేజర్ కనిపెట్టారు. మొటిమల గుంటలకు, ముడతలకు ఈనాటికీ ఆ రకం వాడుతున్నాం. అది చర్మంలోని నీటిని వేడెక్కించి, సూది మొనంత చుక్కల్లో చర్మాన్ని తీసేస్తుంది. ఆ చుక్కలు మానేటప్పుడు కొత్త కొల్లాజెన్ పుట్టి చర్మం బిగుసుకుంటుంది. పచ్చబొట్టు తీసే లేజర్ వేరు. అది సిరాను పొడి చేస్తే, ఆ పొడిని మన ఒళ్లే మెల్లగా తొలగిస్తుంది.

అయితే మన చర్మంలో మెలనిన్ ఎక్కువ. ఎండ నుంచి మనల్ని కాపాడేది అదే. పచ్చబొట్లకు, వెంట్రుకలకు వాడే లేజర్ కాంతిని పీల్చుకునేదీ అదే. మోతాదు తప్పితే చర్మం కాలుతుంది. ఏ లేజర్ తర్వాతైనా మంట పుట్టిన చోట నల్లబడే అవకాశం ఉంది.

ఒక అమ్మాయి పెళ్లికి పది రోజుల ముందు పట్నంలో ఒక పార్లర్‌లో లేజర్ చేయించుకుంది. రెండు చెంపల మీద నల్ల మచ్చలతో నా దగ్గరికి వచ్చింది. అవి తగ్గడానికి ఎనిమిది నెలలు పట్టింది. పెళ్లి ఫోటోల్లో ఆ పిల్ల తలొంచుకునే ఉంది.

అందుకే ముందు చేసేది చర్మ వైద్యులేనా అని అడగండి. మొదట చిన్న చోట పరీక్షించి చూడమనండి. దెబ్బ తగిలిన చోట మచ్చ ఉబ్బే ఒళ్లయితే ముందే చెప్పండి. శుభకార్యానికి కనీసం ఆర్నెల్ల ముందే మొదలుపెట్టండి. చేయించుకున్నాక కొన్ని వారాలు ఎండకు దూరంగా ఉండాలి. చేను పని తప్పనివాళ్లు పని లేని రోజులు చూసుకోండి. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న తెల్లబడే క్రీములు రాస్తుంటే దాచకండి. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, అది చర్మాన్ని పలుచన చేస్తుంది.

చివరిగా, పుట్టిన రంగును మార్చే లేజర్ లేదు. మచ్చకు వైద్యం ఉంది. రంగుకు వైద్యం అక్కర్లేదు. మన బడిలో ఇప్పుడు చదువుతున్న ఆడపిల్లలకు ఈ మాట చెప్పండి. సెలవు.