చంటిబిడ్డ తల్లి దినచర్య



ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు నెల్లూరుజిల్లా పడమటి మెట్టసీమలోనివి. ఇచ్చట వానను నమ్మి విత్తు రైతునకు తన దినము సార్థకమైనదో, వ్యర్థమైనదో చెప్పుట కష్టము కాదు. దున్నిన చాళ్ళు కన్నులకు కనబడును. చంటిబిడ్డ గల తల్లి చేసిన పనియో, సాయంకాలమునకు కనబడదు. ఉతికి యారవేసిన పొత్తిగుడ్డ మఱల తడియును. కడుపునిండ పాలు త్రాగిన బిడ్డ రెండుగంటలకే మఱల ఏడ్చును. అందుచేతనే “దినమంతయు ఇంటనే యున్నది గదా, ఏమి చేసినది?” అను మాట మన యిండ్లలో తఱచుగా వినబడుచుండును. దానికి బదులు చెప్పవలసిన భారము కోడలిది కాదు. ఆ దినము నిండుగా గడచుట చాలవఱకు ఇంటిపెద్దల చేతిలో నున్నది. కావున ఈ ప్రసంగము పెద్దలను ఉద్దేశించియే చేయుచున్నాను.

మొదట లెక్క చూతము. తొలిమాసములలో బిడ్డకు దినమునకు 8 మొదలు 12 మారులు పాలియ్యవలెను. మారునకు అరగంట చొప్పున నిది 4 మొదలు 6 గంటల కాలము. అందు కొంత నడురేయి జరుగును. దీనికి నీళ్ళు పోయుట, గుడ్డలు మార్చుట, నిద్రపుచ్చుట చేర్చినచో ఒక మనిషి పూర్తిదినపు పని యగును. 6 మాసములు నిండువఱకు బిడ్డకు తల్లిపాలు తప్ప నీరైనను అక్కఱలేదని వైద్యులు చెప్పుచున్నారు. ఈ పాలిచ్చుపని తల్లికి బదులుగా మఱియొకరు చేయలేరు. తక్కిన ఇంటిపనులన్నియు ఎవరైనను చేయగలరు. ఈ భేదమును గుర్తించిన యింట సగము కలహము తీఱును.

మన యాచారమున తొలికాన్పునకు కూతురు పుట్టింటికి వచ్చును. అచ్చట బిడ్డకు నీళ్ళుపోయువారొకరు, ఉయ్యాల యూపువారొకరు ఉందురు. మూడవ మాసముననో, అయిదవ మాసముననో ఆమెను అత్తవారింటికి పంపుదురు. అడుగిడిన నాటినుండియే పొయ్యియు, పశువులకొట్టమును, నీళ్ళబిందెయు ఆమెకొఱకు కాచుకొనియుండును. తల్లిపాలే ఆహారముగా నుండవలసిన 6 మాసములు అప్పటికింకను నిండవు. చేతిసాయము తగ్గుట, పనిభారము హెచ్చుట ఒకేనాడు జరుగుచున్నవి. పుట్టింటివారు పంపు సారెను ఎంచి చూచు మనము, ఆమె పుట్టింట విడిచివచ్చిన సాయమును కూడ ఎంచి చూడవలదా?

ఇక రెండవ విషయము. చంటిబిడ్డ తల్లికి కాలము తునుకలుగా చిక్కును. కావున నడుమ విడిచి మఱల అందుకొన వీలైన పనియే ఆమెకు తగినది. పొయ్యిమీది పాలు బిడ్డ ఏడుపునకు ఆగవు. కందులు బాగుచేయుట, చింతపండు గింజ తీయుట ఆగును. దీనికి ఉదయగిరి కొయ్యపనియే మంచి నిదర్శనము. చుట్టుపట్ల కొండలలో దొరకు కొయ్యతో చెంచాలు, గరిటెలు చేయు ఈ విద్య ఇండ్లలోనే సాగుచున్నది. ఇందు స్త్రీలచేయి ఎక్కువ. భౌగోళిక సూచిక గుర్తింపును కూడ ఈ వస్తువులు పొందినవి. ఆకురాయి పట్టి నునుపుచేయుచున్న గరిటెను ఎచ్చట విడిచినను చెడదు. గంటకో, మఱునాటికో తిరిగి చేతబట్టవచ్చును. అయితే కత్తియు, కొయ్యపొడియు బిడ్డకు దూరముగా నుండవలెను. బిడ్డను కనిపెట్టి చూచువారు వేఱొకరుండవలెను. ఇట్టి పని యున్నదని చెప్పుట తల్లిపై క్రొత్తబరువు మోపుటకు కాదు. ఆమె కోరినప్పుడు ఆమెకు ఏ పని అనువైనదో తెలుపుటకు మాత్రమే.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. ప్రతిదినము ఒక గంట, ఎవరును భంగపఱచని గంట, తల్లికి దక్కవలెను. ఒక గంట ఏపాటిదని తలంపకుడు. ఉదయగిరికి తూర్పున కలిగిరి మండలమున దూబగుంట యను గ్రామము కలదు. 1991వ సంవత్సరమున జిల్లాలో సాగిన అక్షరాస్యతా ఉద్యమమున ఆ యూరి స్త్రీలు, పగలంతయు పాటుపడి, రాత్రివేళ చదువుకొనిరి. సారాయివలన సంసారములు చెడు తీరును ఆ చదువులోనే చర్చించుకొని, వర్ధినేని రోశమ్మ మొదలగువారు సారాయి తమ యూరికి రాకుండ అడ్డగించిరి. 1992 నాటికి ఆ యుద్యమము జిల్లా యంతయు వ్యాపించెను. 1993 అక్టోబరు నెలలో రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడెను. పిమ్మట దినమునకొక రూపాయి దాచు పొదుపులక్ష్మి సంఘములు ఈ జిల్లాలోనే వెలసినవి. ఇదంతయు పగటిపని ముగిసిన పిదప స్త్రీలకు చిక్కిన కొద్దికాలమున మొదలైనదే. రాత్రిబడికి పోయిన తల్లి వెనుక, ఇంట బిడ్డను చూచుకొన్న చేయి ఒకటి ఉండకతప్పదు గదా!

కావున బిడ్డకు పాలిచ్చిన వెంటనే, నిర్ణయించిన వేళకు, అత్తగారో, మామగారో, భర్తయో బిడ్డను ఎత్తుకొనవలెను. మనుమని భుజాన వేసికొని అరుగుమీద తిరుగుటలో తాతకు చిన్నతనమేమియు లేదు. ఆ గంటలో ఆమె నిద్రించుగాక, చదువుకొనుగాక, సంఘపులెక్క వ్రాసికొనుగాక; ఏమి చేసితివని అడుగరాదు. రాత్రి నాలుగుమారులు లేచిన మనిషికి పగటినిద్ర సోమరితనము కాదు. ఎద్దునకు నడుమ నీడపట్టున విశ్రాంతి ఇచ్చు రైతునకు ఈ న్యాయము తెలియనిది కాదు.

దినము సార్థకమైనదా యని కొలుచుటకు కొలమానము కావలెనన్న, అంగన్‌వాడీలో నున్నది. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవలక్రింద వెలసిన ఈ కేంద్రములలో బిడ్డను నెలనెల తూచుదురు. సాధారణముగా 5, 6 మాసములకు బిడ్డ బరువు పుట్టినప్పటికి రెండింతలు, ఏడాదికి మూడింతలు అగును. ఆ కాగితముమీద పెరుగు గీతయే ఆ తల్లి చాలుదున్నిన చేను.

ఒక్క హెచ్చరిక. బిడ్డ నిద్రించినను తల్లికి నిద్రపట్టకున్నను, అన్నము సహింపకున్నను, కారణములేక దినములతరబడి కంటతడి పెట్టుచున్నను, దిష్టియనియు, గయ్యాళితనమనియు త్రోసివేయకుడు. కాన్పుపిమ్మట మనస్సు క్రుంగుట ఒక వ్యాధి. అది చికిత్సకు లొంగునదే. జాగుచేయక ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు తోడ్కొనిపొండు.

పెద్దలారా! ఊరి తగవులు తీర్చు మీకు ఈ యింటి తగవు తీర్చుట పెద్దపని కాదు. మీ యింట ఆ గంట ఏ వేళ యగునో, ఆ వేళ బిడ్డను ఎవరెత్తుకొందురో ఈ రాత్రియే నిర్ణయింపుడు. సెలవు.