ముందు చక్రం ఎక్కడ నిలవాలి?

యమహా వైఎఫ్‌జెడ్ 450, హోండా టీఆర్ఎక్స్ 450 లాంటి నాలుగు చక్రాల స్పోర్ట్ క్వాడ్ బండ్లకు ముందు రిమ్ములు మార్చేవారి కన్ను మొదట పడేది రంగు మీద, మెరుపు మీద. చూడాల్సింది ఆఫ్‌సెట్.

రిమ్మును హబ్‌కు బిగించే ముఖం రిమ్ము వెడల్పులో ఎక్కడుందో చెప్పేదే ఆఫ్‌సెట్. 5 అంగుళాల రిమ్ముకు 3+2 అంటే, ఆ ముఖం నుంచి లోపలికి 3 అంగుళాలు, బయటికి 2. అదే 4+1 అయితే ఒక్కో చక్రం అంగుళం లోపలికి జరుగుతుంది.

ఆ అంగుళంలో ఏముంది? హ్యాండిల్ తిప్పితే, పైనా కిందా ఉన్న బాల్‌జాయింట్ల గుండా పోయే గీత చుట్టూ చక్రం తిరుగుతుంది. ఆ గీత నేలను తాకే చోటికీ, టైరు నడిమికీ మధ్య దూరమే స్క్రబ్ రేడియస్. చక్రం బయటికి జరిగేకొద్దీ ఇది పెరుగుతుంది. ఎడమ చక్రానికి రాయి తగిలిందనుకోండి. దెబ్బ అదే అయినా, మీటలా పనిచేసే ఈ దూరం పెరిగింది గనుక హ్యాండిల్ ఎడమకు గట్టిగా గుంజుతుంది. కాసేపటికే మణికట్లు పట్టేస్తాయి.

వెడల్పు పెరిగితే మలుపులో బండి నిలకడ పెరిగే మాట నిజమే. అందుకే మోటోక్రాస్ పందెగాళ్లు చక్రాలను ఫ్రేముకు కలిపే పొడవాటి ఏ-ఆర్మ్‌లు వేసి, వాటికి 4+1 రిమ్ములు తొడుగుతారు. వెడల్పు దక్కుతుంది, గుంజుడు తగ్గుతుంది. ఉన్న రిమ్ములకూ హబ్‌కూ మధ్య స్పేసర్లు పెట్టి వెడల్పు చేయడం మాత్రం నేను ఒప్పుకోను. గుంజుడుతో పాటు బేరింగుల మీదా భారం పెరుగుతుంది.

రిమ్ములు మార్చాక, బండి ఎక్కేముందు హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, లోపలి అంచు బాల్‌జాయింటుకో టైరాడ్‌కో తగలడం లేదని తడిమి చూసుకోండి.