పాత హామ్ రేడియోల వినికిడి



వార్తలు విను రేడియో మనకు తెలియును. లైసెన్సు పొంది తామే మాటలు పంపుచు, వినుచునుండు ఔత్సాహికులను హాములందురు. పంపుటయు వినుటయు ఒకే పెట్టెలో జరిగిన, అది ట్రాన్స్‌సీవరు. పాతవానిలో ఏది బాగుగా వినునని కొందరు యువకులు నన్నడిగిరి.

ఎంత సన్నని సంకేతము వినబడిన అంత గొప్ప యనుకొనుట పొరపాటు. 40 మీటర్ల తరంగములపై ఆకాశపు గరగర యంత్రపు సొంత రొదకన్న చాల హెచ్చు. ఏరియలు తీసి, మరల తగిలించి చూడుడు. రొద స్పష్టముగా పెరిగినచో ఆ యంత్రమునకు చెవి చాలును. అంతకు మించిన దానికి డబ్బిచ్చుట వృథా.

అసలు పరీక్ష వేరు. తిరునాళ్లలో ప్రక్కన ఇద్దరు కేకలు వేయుచుండగా దూరపు ముసలమ్మ పిలుపు వినబడునా? 7010, 7012 కిలోహెర్ట్జులపై రెండు బలమైన కేంద్రములున్నవనుకొనుడు. గ్రాహకము తట్టుకొనలేకున్న ఆ రెండును లోపల కలిసి 7008, 7014ల వద్ద దొంగ సంకేతములు పుట్టించును. అచ్చట నిజముగా పిలుచువాడు వానిక్రింద మునిగిపోవును.

అమెరికా ఇంజనీరు రాబ్ షెర్వుడ్ 1976లో ఈ చిక్కునే ఎదుర్కొనెను. ఆయన వాడినది డ్రేక్ ఆర్-4సీ. ప్రసారిణితో జతగా నడచు గ్రాహకము. పత్రికా పరీక్షలలో మంచి అంకెలే పొందినది, పోటీనాడు క్రిక్కిరిసిన సంకేతముల నడుమ తడబడెను. పత్రికవారు పరీక్షా సంకేతములను 20 కిలోహెర్ట్జుల ఎడమున నుంచి కొలిచిరి. పోటీలో పొరుగువారు 2 కిలోహెర్ట్జులలోనే యుందురు. అనవసరమైన సంకేతములను వడకట్టు మొదటి ఫిల్టరు వెడల్పు 8 కిలోహెర్ట్జులు. దూరమువారు గుమ్మమువద్దనే ఆగిరి. దగ్గరివారు లోనికి వచ్చి అల్లరిచేసిరి. ఆయన 600 హెర్ట్జుల ఫిల్టరు అమర్చి బాగుచేసెను. తరువాత 2 కిలోహెర్ట్జుల ఎడమున అనేక యంత్రములను కొలిచి పట్టికగా ప్రకటించెను.

ఈ దృష్టితో చూచిన, వయస్సునుబట్టి తీర్పు చెప్పరాదు. 1959 నాటి కాలిన్స్ కేడబ్ల్యుఎం-2లోని 2.1 కిలోహెర్ట్జుల మెకానికల్ ఫిల్టరు మెచ్చదగినదే. కాని దానికి ముందు 200 కిలోహెర్ట్జుల దారి తెరచియుండును. 1976 నాటి కెన్‌వుడ్ టీఎస్-820 సంకేతపు పౌనఃపున్యమును ఒక్కసారే మార్చి సన్నని ఫిల్టరునకు అప్పగించును. 1980 తరువాతి పెక్కు ఖరీదైన యంత్రములు సంకేతమును ముందు 70 మెగాహెర్ట్జుల ప్రాంతమునకు ఎత్తినవి. అచ్చటి ఫిల్టరు 15 కిలోహెర్ట్జుల వెడల్పు! దగ్గరి పొరుగువారి విషయములో అట్టి క్రొత్తవి కొన్ని పాతవానికి తీసిపోయినవి. 1999లో ఎలెక్రాఫ్ట్ కే2 మరల ఒక్క మార్పిడికే వచ్చి మెప్పు పొందెను.

కొనబోవువారు పట్టిక చూడవచ్చును. కాని వాల్వులు క్షీణించి కెపాసిటర్లు ఎండిన పెట్టెకు ఆ అంకె వర్తింపదు. రాత్రివేళ, సందడి హెచ్చినప్పుడు, స్వయముగా వినుడు. దొంగ సంకేతమని అనుమానము కలిగినచో అటెన్యుయేటరు మీట నొక్కుడు. అది 10 డెసిబెల్లు తగ్గించునదైన నిజమైన సంకేతము 10 తగ్గును. దొంగది సుమారు 30 తగ్గును.